పికప్ బండి మీద మంచె

ఈ సంఘటన జరిగిన తేదీ నాకు తెలుసు. అయినా రాయను. తేదీ రాస్తే అది ఎవరింటి పెళ్లో తెలుస్తుంది. పెళ్లి తెలిస్తే మనుషులు తెలుస్తారు. వారిలో కొందరు ఇప్పటికీ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అది ఒక యాసంగి (రబీ) కోతల కాలం అని మాత్రం చెప్పగలను. తక్కిన కొలతలన్నీ నేను స్వయంగా తీసినవి. వాటికి పూచీ నాది.

రవాణా పనిలోకి కొత్తగా వస్తున్న యువకుల కోసం దీన్ని రాస్తున్నాను. వారు చదువుతారన్న ఆశ నాకు పెద్దగా లేదు. చదివినా, ఫోనులో చూసినదాన్నే నమ్ముతారు. అయినప్పటికీ రాయడం నా విధి.

నా ఉద్యోగ జీవితంలో అధిక భాగం కల్వకుర్తిలో ఒక రవాణా ఏజెన్సీ లోడింగ్ యార్డులో గడిచింది. వేరుశనగ, పత్తి, సిమెంటు, కోళ్ల దాణా, ఏది ఎక్కినా దాని ఎత్తు, వెడల్పు, బరువు చూసి బండిని గేటు దాటించడం నా పని. బరువు అబద్ధమాడదు, మనుషులు బరువు గురించి అబద్ధమాడతారు. 'సుమారు', 'దాదాపు', 'అటూ ఇటూగా' అనే మాటలను నా యార్డులో నిషేధించాను. 'ఏం గాదు సార్' అనే మాటను నిషేధించడం మాత్రం నా వల్ల కాలేదు. పాలమూరు నేల మీద నేను చూసిన ప్రతి బోల్తా బండీ ఆ మాట మీదే బయలుదేరింది.

పదవీ విరమణ తర్వాత, కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డున కొత్తగా వెలసిన ఒక వినోద సంస్థ నన్ను రవాణా పర్యవేక్షకుడిగా పిలిచింది. హైదరాబాదు నుంచి వచ్చిన జనం అక్కడ నాలుగు చక్రాల మోటారు బండ్లెక్కి ఇసుకలోనూ బురదలోనూ గుండ్రంగా తిరుగుతారు. బయలుదేరిన చోటికే వచ్చి దిగుతారు. దానికి రుసుము చెల్లిస్తారు. ఆ బండ్లను ఏటీవీలు అంటారు. ఏ నేల మీదనైనా నడుస్తాయని వాటి ఖ్యాతి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 'నాల్గు గీరల బండి' అని పేరు పెట్టుకున్నారు. ఏ నేల మీదనైనా నడిచే ఆ బండికి తారు రోడ్డు మీద నడిచే అనుమతి మాత్రం లేదు. కనుక ఒడ్డు దాటి ఎక్కడికి పోవాలన్నా దాన్ని ఇంకో బండి మోయాలి. ఇందులోని వింత ఆ సంస్థలో నాకు తప్ప ఎవరికీ కనబడినట్టు లేదు.

మోసే పని ఒక పికప్ బండివాడికి ఇచ్చారు. యజమానీ అతడే, డ్రైవరూ అతడే. వీపనగండ్లకు దగ్గరి పల్లె అతనిది. అతడూ అతని భార్యా పెళ్లయిన నాటి నుంచి బొంబాయి వైపు రోడ్డు పనులకు వలస వెళ్లి, ఏళ్ల తరబడి తట్టలు మోసి, ఆ కూలితో ఆ బండి కొన్నారు. బండి నడుస్తున్నంత కాలం వాళ్లు ఊళ్లో ఉంటారు. ఆగిన మరుసటి నెల మళ్లీ తట్ట నెత్తికెత్తుకోవాలి. బండి ముందు అద్దం మీద తెల్లని అక్షరాలతో ఒక బైబిలు వాక్యం. బంపరు కింద వేలాడుతూ నిమ్మకాయ, మిరపకాయలు. ఏది పనిచేస్తుందో రుజువు కానప్పుడు రెండూ ఉంచుకోవడం అతని పద్ధతి. దాన్ని నేను తప్పుపట్టను.

మా దగ్గరికి రాకముందు అతడు పెబ్బేరు సంతకు ఎడ్లను చేరవేసేవాడు. ఆ పనిలో దిట్ట. ఎద్దును పికప్‌లోకి ఎక్కించాక పగ్గం బిగించి కట్టరు; జానెడు వదులు ఉంచుతారు. మలుపు వచ్చినప్పుడు ఎద్దు తన కాళ్లు తానే సర్దుకుని నిలబడుతుంది. బిగిస్తే మెడ చిక్కి పడిపోతుంది. దారిలో చాయ్ కోసం ఆపినప్పుడల్లా డ్రైవరు ముందుగా పికప్ వెనక తొట్టి దగ్గరికి పోయి, పగ్గాలు ఇంకాస్త వదిలి, ఆ తర్వాతే గ్లాసు పట్టుకుంటాడు. పెబ్బేరు దారిలో ఎడ్లు మోసేవారందరికీ ఇది అలవాటు కాదు, నియమం. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇక మేనేజరు. ముప్పై నిండనివాడు. అతనికి తెలిసిన అంకె ఒక్కటే: తను ఫోనులో పెట్టిన బొమ్మను ఎంతమంది చూశారన్నది. నన్ను 'అంకుల్' అనేవాడు. మా మధ్య చుట్టరికం ఏదీ లేదని ఒకసారి తెలియజేశాను. నవ్వి, మళ్లీ 'అంకుల్' అన్నాడు.

గద్వాలలో ఒక చీరల వ్యాపారి ఇంట పెళ్లి కుదిరింది. బారాతు ఊరేగింపులో పెళ్లికొడుకు గుర్రానికి బదులు ఏటీవీ ఎక్కాలనీ, అతని ఇద్దరు స్నేహితులు చెరొక దాని మీద వెంట రావాలనీ నిశ్చయించారు. అంటే మూడు బండ్లు. పికప్ తొట్టిలో పట్టేది ఒకటి. మూడు సార్లు తిప్పాలి, లేదా లారీ మాట్లాడాలి. రెండూ సక్రమమైన పద్ధతులే కనుక మేనేజరుకు రెండూ నచ్చలేదు.

అతడు ఫోను తెచ్చి నాకొక వీడియో చూపాడు. ఏదో మంచు దేశం. మన పికప్‌కు రెండింతల వెడల్పున్న ట్రక్కు. దాని తొట్టి మీద ఇనుప రాక్. రాక్ మీద ఏటీవీలు. ట్రక్కు ఒయ్యారంగా సాగిపోతోంది. ఆ రోడ్డు మీద ఆరబోసిన వడ్లు లేవు. గేదెలు లేవు. ఊరికి మూడు చొప్పున స్పీడు బ్రేకర్లు లేవు. ఎదురుగా ఇంకొక బండి కూడా లేదు. ఈ తేడాలను ఒక్కొక్కటిగా చెప్పాను. అతడు వింటూ ఆ వీడియోను మళ్లీ మొదటి నుంచి చూశాడు.

వారం తిరగకుండా వనపర్తిలో ఒక వెల్డింగు షాపులో రాక్ తయారై వచ్చింది. తొట్టి నాలుగు మూలల్లో నాలుగు ఇనుప స్తంభాలు. క్యాబిన్ కప్పుకు సమానమైన ఎత్తులో ఒక వేదిక. కింద తొట్టిలో ఒక ఏటీవీ నిలువుగా ఉంటుంది. పైన వేదిక మీద రెండు, అడ్డంగా. ఏటీవీ పొడవు ఏడడుగులు. వేదిక వెడల్పు ఆరు. రెండు పక్కలా ఆరేసి అంగుళాలు గాలిలో ఉంటాయి. గద్వాల నేతగాళ్లు నూలు చీరకు పట్టు అంచు అతికితే చీర చిరిగినా అంచు ఊడదు. ఆ పెళ్లివారిది అటువంటి ఊరు. వారి పెళ్లికి పోవలసిన ఈ రాక్ అతుకులను వేలితో తడిమి చూశాను. బుడిపెలు తగిలాయి.

డ్రైవరు రాక్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇది మంచె గద సార్. చేన్ల పిట్టలు కొట్టనీకి ఏస్తం జూడు, గసొంటిది. దీనికి గీరలు పెట్టి నడుపమంటుండ్రా?" అన్నాడు.

ఆ ఒక్క వాక్యాన్ని సంస్థ విని ఉంటే ఈ జ్ఞాపకం రాయవలసిన పని ఉండేది కాదు. కానీ అన్నది డ్రైవరు, కిరాయి తీసుకునేవాడు. పైగా అన్న తర్వాత అతడే, "ఏం గాదు తియ్యుండ్రి, తోల్త" అని ముగించాడు.

మేనేజరు నా ఆయుధంతోనే నన్ను ఎదుర్కొన్నాడు. "అంకుల్, ఒక్కో ఏటీవీ మూడు క్వింటాళ్లు. మూడు కలిపి తొమ్మిది. రాక్ రెండు. మొత్తం పదకొండు. పికప్ మోసేది పదిహేను. మీ లెక్క ప్రకారమే ఓకే కదా?"

అంకెలు రాని మనిషి చేతికి అంకెలు చిక్కితే ఎంత ప్రమాదమో ఆ రోజు తెలిసింది. బరువు ఎంత అన్నది సగం ప్రశ్న. ఎంత ఎత్తున అన్నది తక్కిన సగం. బిందెడు నీళ్లు చంకన పెట్టుకున్నా అంతే బరువు, పొడవాటి కర్ర చివర కట్టి ఎత్తి పట్టుకున్నా అంతే బరువు. రెండు రకాలుగానూ నడిచి చూడు అన్నాను. ఆ పదకొండులో ఎనిమిది క్వింటాళ్లు మనిషి తలకంటే పైన ఊగుతాయని టేపు పెట్టి చూపాను. అతడు నా భుజం తట్టి, నేను నెగటివ్‌గా ఆలోచిస్తానని చెప్పాడు. గణితంలో ఆ మాటకు అర్థం సున్నాకు తక్కువ అని. నా దగ్గర తక్కువో ఎక్కువో ఒక సంఖ్య ఉంది. అతని దగ్గర భుజం తట్టే చేయి ఉంది.

సంస్థ యజమానికి ఫోను చేశాను. వనపర్తిలో ఉంటాడు, బియ్యం మిల్లు పనుల్లో మునిగి ఉండే మనిషి. వేదిక మీద కనీసం ఒక బండి తగ్గించండి అన్నాను. మేనేజరు చూసుకుంటాడులెండి అని పెట్టేశాడు. మేనేజరు తగ్గించనన్నాడు, మూడోది పెళ్లికొడుకు ముఖ్య స్నేహితుడిదట.

రాక్‌ను బోల్టులతో తొట్టికి బిగిస్తున్న నాటి మధ్యాహ్నం డ్రైవరు భార్య అన్నం డబ్బాతో వచ్చింది. భర్తకు డబ్బా ఇచ్చి వెళ్లిపోకుండా నా గది వాకిట్లో నిలబడింది. రమ్మన్నాను. కొంగు భుజాన సర్దుకుని, ఎవరినీ నిందించని గొంతుతో చెప్పింది.

"సారూ, మీరు వద్దంటే బండి ఆగుతది. ఆగితే మేనేజరు సారు ఇంకోని బండి పిలుస్తడు, మా కిరాయి పోతది. బండి ఊకె నిలవడితే మల్ల బొంబాయి పోవాలె. పోతం, కొత్తేం గాదు." బయట భర్త వైపు ఒకసారి చూసింది. "మీరు సరే అంటే, తొవ్వల గా మంచె ఒరిగిందంటే, మనిషే పోతడు. అప్పుడు నేనేడికి పోవాలె?"

అయితే నన్నేం చేయమంటావమ్మా అని అడిగాను.

"ఏం జెయ్యకుండ్రి. ఆయన పక్కల కూసోండ్రి. పెద్దమనిషి పక్కనుంటే పైలంగ తోల్తడు. మీరు దిగితే ఆయన గూడ దిగుతడు."

నేను దేవుణ్ణి కాను, టేపు పట్టుకున్న ముసలివాణ్ణి. అయినా నా ఉద్యోగ జీవితంలో నన్ను ఒకరు తూకపు రాయిగా వాడుకోవడం అదే మొదటిసారి. సరేనన్నాను.

బయలుదేరే రోజు ఉదయం ఏటీవీలను కట్టే బెల్టులు నేనే దగ్గరుండి బిగించాను. ఏటీవీకి చక్రాల మీద స్ప్రింగులుంటాయి. పై నుంచి ఊరికే కట్టేస్తే గతుకు వచ్చినప్పుడల్లా లేచి కూర్చుంటుంది. స్ప్రింగులు అణిగేదాకా నాలుగు వైపులా లాగి, పిడి తిప్పి బిగించాలి. అలాగే చేశాను. ఆ తర్వాత పిడికిలితో ఒక్కో బెల్టును కొట్టి చూశాను. తంబురా తీగలా పలికింది. నేను చేయగలిగింది అంతే. ఎత్తును తగ్గించే బెల్టు ఇంకా తయారు కాలేదు.

మేనేజరు కారు ముందు, మా పికప్ వెనుక. అతని చేయి కారు కిటికీలోంచి బయటికి వచ్చి మమ్మల్ని వీడియో తీస్తూనే ఉంది. కొల్లాపూర్ దాటాం. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా రాక్ ఒక నిట్టూర్పు విడిచేది. గాలి వేగానికి బెల్టులు సన్నగా రొద చేసేవి. డ్రైవరు మాటిమాటికీ అద్దంలోకి చూస్తూ, "ఏడుస్తున్నయి సార్" అన్నాడు. బిగుతుగా ఉన్న బెల్టు గాలికి అలాగే మోగుతుందని చెప్పాను. తల ఊపాడు. నమ్మలేదని అప్పుడు నాకు తెలియలేదు.

వీపనగండ్లలో చాయ్ కోసం ఆగాం. హోటలు ముందు జనం మూగారు.

"ఏందిరా, బండి మీద బండ్లెక్కిచ్చినవ్? నడువస్తలేదా వాటికి?" అన్నాడు ఒక పెద్దాయన.

"పెండ్లికి పోతున్నయి పెదనాయినా. నడిచిపోతే ఇజ్జత్ ఏముంటది?" అన్నాడు మా డ్రైవరు.

"గట్లనా? మరి నీ బండిని ఎవరు మోస్తరు?"

"గది నా పెండ్లాం మోస్తది."

అందరూ నవ్వారు. అదే సమయంలో మేనేజరు నన్ను పక్కకు పిలిచి, క్యాబిన్‌లో ముసలి మనిషి కనబడితే వీడియో బాగుండడం లేదనీ, నేను అతని కారులో రావాలనీ కోరాడు. కారణాలతో సహా నిరాకరించాను. నా కారణాలు పూర్తికాక ముందే అతడు కారెక్కి హారను మోగించాడు. ఆగిన ప్రతిచోటా బెల్టులు తడిమి చూసిన తర్వాతే కదలాలని రవాణాలో నియమం ఉంది. ఆ నియమం స్థానంలో ఆ రోజు హారను వచ్చింది. పికప్ కదులుతుంటే నేను ఎక్కవలసి వచ్చింది.

వీపనగండ్ల దాటి శ్రీరంగాపూర్ వైపు పోతుంటే కాలువ వెంబడి రోడ్డు కుడికి తిరిగే చోటు ఒకటుంది. కోతల కాలంలో మన రోడ్లు సగం రోడ్లు, సగం కళ్లాలు. ఆ మలుపులో ఎడమ సగమంతా వడ్లు ఆరబోసి, అంచున కంప వేసి ఉంది. ఒక ముసలమ్మ కాళ్లతో వడ్లను చాళ్లు చాళ్లుగా కలియదిప్పుతూ, మాకు చాలా అవతల ఉంది. మేం కుడి సగంలో పోతున్నాం. మలుపులోంచి గడ్డి ట్రాక్టరు ఎదురొచ్చింది. దానికి పోయే చోటు ఇవ్వాలంటే మేం ఎడమకు జరగాలి. డ్రైవరు జరిగాడు. కంప నలిగింది. బండి మొత్తంగా వడ్ల మీదికి వచ్చింది. ఎడమ చక్రాలు తారు అంచు దాటి దిగువకు జారాయి. అదే క్షణంలో రోడ్డు కుడికి తిరిగింది.

బండి ఎడమకు ఒరిగింది. నా కిటికీలో ఆకాశం పోయి కాలువ నీళ్లు వచ్చాయి. స్టీరింగు తేలికైపోయిందని డ్రైవరు చేతులే చెప్పాయి. పైన ఏదో దొర్లిన శబ్దం, బండి మీద నుంచి ఎవరో మూట దించినట్టు ఒక కుదుపు. వెంటనే కుడి పక్క చక్రాలు దభీమని నేలకు తగిలాయి. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఆగాం.

దిగి చూస్తే, వేదిక మీద ఒకటే ఏటీవీ ఉంది. రెండోది కాలువలో నాలుగు చక్రాలూ పైకెత్తి పడి ఉంది. ఏ నేల మీదనైనా నడుస్తుందన్నారు. నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

పడ్డదాని బెల్టుల దగ్గరికి వెళ్లాను. తెగలేదు. వదులుగా వేలాడుతున్నాయి. డ్రైవరు నా వెనకే వచ్చి తల దించుకున్నాడు. చాయ్ దగ్గర అతడే వదిలాడట, ఎక్కువగా ఏడ్చినదానివి. "గంటసేపటి నుంచి ఏడుస్తుండె సార్. ఊపిరి తీస్కుంటయని జర వదిలిన. ఎడ్లకు వదుల్త గద, గట్లనే."

ఎడ్లకు వదులుతాడు కాబట్టి ఇనుముకూ వదిలాడు. ఎద్దు తన కాళ్లు తాను సర్దుకుంటుంది. ఏటీవీకి నాలుగు చక్రాలున్నా ఆ తెలివి ఒక్క చక్రానికీ లేదు.

మేనేజరు కారు వెనక్కి తిప్పుకుని వచ్చాడు. విషయం వినగానే అతని ముఖం వికసించింది. అతనికి కావలసింది దొరికింది. అప్పటికప్పుడే యజమానికి ఫోను చేసి, డ్రైవరు బెల్టులు వదిలాడు, అందుకే పడింది, తప్పంతా అతనిదే, కిరాయి రద్దు చేసి బండి స్వాధీనం చేసుకుందాం, ఏటీవీ ఖరీదు దాంతో రాబడదాం అన్నాడు. ఇదంతా డ్రైవరు పక్కనే నిలబడి చెప్పాడు. డ్రైవరు వదులైన బెల్టు కొసను చేతిలో పట్టుకుని, దాన్ని చుట్టచుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు. యజమాని బయలుదేరి వస్తున్నానన్నాడు.

నేను టేపు తీసి వడ్ల మీదికి వెళ్లాను. రోడ్డు మీద చక్రాల జాడ కొన్నిసార్లు కనబడుతుంది, కొన్నిసార్లు కనబడదు. పరిచిన వడ్లలో మాత్రం దాగదు. మా బండి కుడి చక్రాలు వడ్లలోకి దిగిన చోటి నుంచి ముందు చక్రానిదీ వెనుక చక్రానిదీ రెండు చాళ్లు స్పష్టంగా ఉన్నాయి. కొంత దూరం పోయాక ఆ చాళ్లు ఆగిపోయాయి. మధ్యలో ముసలమ్మ కాళ్లతో తిప్పిన వరుసలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. మళ్లీ చాళ్లు మొదలయ్యాయి. ఆ ఖాళీకి టేపు పెట్టాను.

ముసలమ్మ వచ్చింది. "గా టేపేంది? తొక్కినోళ్లు తొక్కిరి, మల్ల ఎంత తొక్కిండ్రని కొలుస్తుండ్రా? లెవ్వు. నేను కుప్ప జెయ్యాలె, మబ్బు పడుతుంది."

యజమాని వచ్చేదాకా ఆగమని బతిమాలాను. మబ్బు మీ ఓనరు కోసం ఆగుతదా అని అడిగింది. ఆమె ప్రశ్నలో లోపం లేదు. పడమట ఆకాశం నల్లబడుతోంది. ఆమె చీపురు అందుకుంది. ఆ చీపురు ఒక్కసారి ఆ ఖాళీ మీద నడిస్తే, మిగిలేది బెల్టు వదిలిన డ్రైవరు మాత్రమే.

అప్పుడు ఆటోలోంచి డ్రైవరు భార్య దిగింది. వాళ్ల పల్లె అక్కడికి దగ్గరే. వార్త అప్పటికే అక్కడికి చేరింది. ముందు భర్తను పై నుంచి కింది దాకా చూసింది. తర్వాత నా చేతిలో టేపునూ ముసలమ్మ చేతిలో చీపురునూ చూసి, వడ్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"అత్తా, నీ వడ్లల్ల ఒక్క గులకరాయి లేకుండ నేనే చెరిగిస్త. జరసేపు సార్ను కొల్వనియ్యి."

"నువ్వెవరు బిడ్డా?"

"గా బండి మాదే."

ముసలమ్మ బండి వైపు చూసింది, మంచె వైపు చూసింది, కాలువలోకి చూసింది. చీపురు కింద పెట్టింది. "సరే. గని చినుకు వడ్డదంటే మీ సార్ పంచె గుంజి కప్పుత వడ్లకు."

ఈ షరతుకు నేను అంగీకరించాను.

చినుకు పడక ముందే యజమాని వచ్చాడు. కారు దిగీ దిగగానే నన్నే అడిగాడు. "బెల్టులు ఎవరు వదిలిండ్రు?"

"డ్రైవరు. నాకు చెప్పకుండా వదిలాడు. అది తప్పు" అన్నాను.

వడ్లు చెరుగుతున్న చేట ఆగింది. డ్రైవరు భార్య తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపును కొలిచే సాధనం నా దగ్గర లేదు. కానీ నిజంలో సగం దాచి తక్కిన సగాన్ని నమ్మమంటే అది మేనేజరు లెక్క అవుతుంది, నా లెక్క కాదు.

యజమానిని వడ్ల దగ్గరికి తీసుకుపోయాను. టేపు ఒక కొసను డ్రైవరుకు ఇచ్చి, రెండో కొస నేను పట్టుకున్నాను. "ఇది మన బండి కుడి చక్రాల జాడ. ఇక్కడిదాకా ఉంది. ఇక్కడ మళ్లీ మొదలైంది. మధ్యలో పదకొండు అడుగుల రెండు అంగుళాలు జాడ లేదు. అంత దూరం ఆ చక్రాలు నేల మీద లేవు. బండి పల్టీ కొడుతోంది. జాడ మళ్లీ మొదలైన చోటికి ఎదురుగా గట్టు మీద చూడండి, ఏటీవీ పడి జారిన గీత. అది పడింది, చక్రాలు దిగాయి. నేను బిగించినట్టే బెల్టులు ఉండి ఉంటే అది పడేది కాదు. దాంతో పాటు బండీ, బండిలో మేమిద్దరం ఆ కాలువలో ఉండేవాళ్లం."

మేనేజరు గొంతు సవరించుకుని, ఆ జాడ గాలికి చెదిరి ఉండవచ్చని అన్నాడు.

ముసలమ్మ అతని వైపు తిరిగింది. "గాలికి లేసేది తాలు బిడ్డా, వడ్లు గావు."

యజమాని మిల్లు నడిపే మనిషి. వడ్లకూ తాలుకూ తేడా అతనికి నేను చెప్పనవసరం లేదు. ఆ ఖాళీ వెంబడి ఒకసారి నడిచాడు. రాక్ స్తంభాన్ని చేత్తో ఊపి చూశాడు. ఆ తర్వాత మేనేజరుతో, ఈ ఇనుము ఈరోజే ఊడాలనీ, ఇకమీదట తొట్టిలో ఒక్కో బండే పోవాలనీ, కాలువలో పడ్డదాన్ని సంస్థే బాగు చేయించుకుంటుందనీ, డ్రైవరు కిరాయి నడుస్తుందనీ చెప్పాడు. అరవలేదు, మిల్లులో బస్తా తిప్పి పంపేటప్పుడు కూడా అతడు అరవడని తర్వాత విన్నాను.

చేట మళ్లీ కదిలింది. ఆమె మాట ఇచ్చిన ప్రకారం రాళ్లన్నీ ఏరింది. వాన ఒక పావుగంట బెదిరించి, శ్రీరంగాపూర్ వైపు మళ్లిపోయింది. నా పంచె దక్కింది.

పెళ్లికొడుకు చివరకు కారులోనే వచ్చాడు. పెళ్లి ఆగలేదు. ఏటీవీ మీద రాలేదని పెళ్లికూతురు అలిగినట్టు కూడా ఎక్కడా వినలేదు. మేనేజరు ఆ రోజు తీసిన వీడియోను, మేం వీపనగండ్ల చేరేదాకా ఉన్న భాగం వరకు కత్తిరించి, జనానికి చూపాడు. చాలామంది మెచ్చుకున్నారు. కొన్నాళ్లకు అతడు హైదరాబాదులో ఇంకా పెద్ద సంస్థలో చేరాడు. భద్రతా విభాగమని చెప్పారు. నేను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను.

డ్రైవరు విషయం కూడా చెప్పాలి. అతనిమీద జాలిపడి అతణ్ణి వీరుడిగా చేయడం నాకు ఇష్టం లేదు. ఆ రోజు తర్వాత పెబ్బేరు సంతలో తన కథను అతడు వేరుగా చెప్పుకుంటున్నట్టు తెలిసింది: తాను ముందే ఊహించి బెల్టులు వదిలాననీ, సార్ ప్రాణం కాపాడాననీ. పిలిచి అడిగాను.

"తప్పే సార్. గని తప్పు జెయ్యకపోతే చస్తుంటిమి గద? మరి మంచిదే అయ్యె" అన్నాడు.

జవాబు సరిపోయినంత మాత్రాన లెక్క సరైనది కాదని చెప్పాను. రెండు తప్పులు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగాయి; దాన్ని పద్ధతి అనరు. రేపు తొట్టిలో ఏటీవీ పెట్టి బెల్టు వదిలావంటే నేను గేటు తియ్యను అన్నాను. ఏం గాదు సార్ అనబోయి, నా ముఖం చూసి, బిగిస్త సార్ అన్నాడు. బిగించాడు కూడా. నేను ఆ సంస్థ వదిలేదాకా ప్రతిసారీ పిడికిలితో కొట్టి చూశాను.

ఈ కథలోంచి దేవుడు కాపాడాడనో, అనుభవమే గొప్పదనో, పాతకాలపు పద్ధతులే మేలనో నేర్చుకునేవారు ఉంటారు. అలాంటివారు దయచేసి బండ్ల దగ్గరికి రావద్దు.

ఊడదీసిన రాక్‌ను వెనక్కి తెప్పించుకోవడం సంస్థకు బరువైంది. అది డ్రైవరు ఇంటి ముందే ఉండిపోయింది. ఆ మధ్య వీపనగండ్ల వైపు పని పడి, వాళ్ల పల్లెకు వెళ్లాను. పికప్ వాకిట్లో ఉంది. మర్నాటి సంత కోసం తొట్టి కడిగి ఉంది. దాని పక్కనే నాలుగు ఇనుప కాళ్ల మీద ఆ మంచె. వేదిక మీదంతా బీర తీగ పాకి, కాయలు కిందికి వేలాడుతున్నాయి. దాని నీడలో కుక్కి మంచం వేసి నన్ను కూర్చోబెట్టారు. డ్రైవరు భార్య నీళ్ల చెంబు ఇచ్చి, పైకి చూస్తూ అడిగింది.

"సారూ, పక్కకు సొర గూడ పెడ్దమనుకుంటున్న. గింత బరువు మోస్తదా గిది?"

అలవాటు కొద్దీ చేయి జేబులోని టేపు దగ్గరికి పోయింది. వెల్డింగు అతుకుల వైపు చూశాను. బుడిపెలు అలాగే ఉన్నాయి.

"కదలనంత కాలం ఎంతైనా మోస్తుందమ్మా" అన్నాను.